రెండు రోజుల పథ్యం, మూడు నెలల లెక్క

డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు దగ్గరపడితే మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఎక్కడలేని పథ్యం గుర్తొస్తుంది. రెండు రోజులు బిర్యానీ ముట్టరు. చాయ్‌లో చక్కెర మానేస్తారు. మూడోనాడు పరగడుపున రక్తం ఇస్తే రిపోర్టు బాగానే వస్తుంది. తిరిగొచ్చే దారిలోనే మిఠాయి కొనుక్కొచ్చే వాళ్ళనూ మేము ఎరుగుదుము.

మాకు తెలిసిన ఒక ఖాలా అలాగే పరగడుపు షుగరు 128 అని చూపించి, ఈసారి రోజాలన్నీ ఉంటానని పట్టుబట్టారు. డాక్టరు మూడు నెలల పరీక్ష రాశారు. 8.9 శాతం వచ్చింది. అంటే సగటున షుగరు 200 దాటే ఉంటోందన్నమాట. "అమ్మీ, ఆ రెండు రోజులు సరే, మిగతా రోజుల సంగతేమిటి?" అన్నాడు కొడుకు. ఆమె మాట్లాడలేదు.

ఈ పరీక్ష పేరు హెచ్‌బిఎ1సి. మన ఎర్ర రక్తకణాల్లో హిమోగ్లోబిన్ ఉంటుంది. రక్తంలోని గ్లూకోజు కొద్దికొద్దిగా దానికి అంటుకుంటుంది. అలా గట్టిగా అంటుకున్నది ఆ కణం ఉన్నంతకాలం వదలదు. కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అందుకే గడచిన రెండు మూడు నెలల సగటు ఇందులో తెలిసిపోతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారి హిమోగ్లోబిన్‌లోని ఈ తేడాను 1968లో లోకానికి తెలిపినవాడు ఇరాన్ శాస్త్రజ్ఞుడు శామ్యూల్ రహబర్. టెహ్రాన్‌లో రక్త నమూనాలు పరీక్షిస్తుండగా ఆయన కంట పడింది. వ్యాధి నిర్ధారణకు కూడా దీన్ని వాడవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చెప్పింది.

5.7 లోపు ఉంటే మామూలు. 5.7 నుంచి 6.4 వరకు హెచ్చరిక. 6.5, ఆపైన వస్తే చక్కెర వ్యాధి. లక్షణాలేమీ లేనివారికి మరోసారి చేసి నిర్ధారిస్తారు. మందులు వాడుతున్న చాలామందికి 7 లోపు ఉంచాలని చూస్తారు. బాగా వయసు మళ్ళినవారికి కొంత సడలింపు ఇస్తారు.

అయితే ఈ లెక్కా ఒక్కోసారి తప్పుతుంది. ఇనుము లోపంతో రక్తహీనత ఉంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు. మన ఆడవాళ్ళలో ఇది తక్కువేమీ కాదు. తలసేమియా ఉన్నవారూ, ఇటీవల రక్తం ఎక్కించుకున్నవారూ, గర్భిణులూ ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

సగటు బాగుందంటే షుగరు ఎప్పుడూ పడిపోలేదని కాదు. రోజాలో భయపడాల్సింది దానికే. 70 కంటే తగ్గితే మగ్రిబ్ దాకా ఆగకుండా రోజా విరమించాలి. వేలికి సూది గుచ్చి చూసుకుంటే రోజా భంగం కాదని ధార్మిక పండితులు చెబుతున్నారు. జబ్బుపడినవారు తర్వాత ఆ రోజాలు పూర్తి చేసుకోవచ్చన్న వెసులుబాటు దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలోనే ఉంది. దాన్ని వాడుకోవడానికి మన పెద్దలు ఎందుకు సిగ్గుపడతారో మాకు అర్థం కాదు.

రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే, అంటే రజబ్ నెలలోనే, డాక్టరుకు చూపించుకోవాలి. షాబాన్ చివర వెళ్తే మందులు మార్చి చూసే వ్యవధి ఉండదు. ఖాలా రజబ్‌లోనే వెళ్ళారు కాబట్టి మాత్రలు మార్చి చూస్తున్నారు. ఈ పరీక్షకు పరగడుపున ఉండనవసరం లేదు. ఆమె రక్తం ఇచ్చింది కూడా మధ్యాహ్నం భోజనం చేశాకే.