అగ్గిపుల్లకు చెల్లించిన మూల్యం

పొయ్యి వెలిగించే వేళ చేతిలోని అగ్గిపెట్టెను గురించి మనం ఆలోచించము. అయితే రెండు శతాబ్దాల క్రితం వరకు నిప్పు పుట్టించడం శ్రమతో కూడిన పని. చెకుముకి రాతిని ఉక్కుతో కొట్టి, రాలిన రవ్వను దూదిపై పట్టి, ఊది మంట చేసుకోవలసి వచ్చేది.

1669లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో హెన్నిగ్ బ్రాండ్ అనే రసవాది బంగారం చేయాలనే ఆశతో మూత్రాన్ని మరిగించి, చీకటిలో మెరిసే ఒక పదార్థాన్ని పొందాడు. అదే భాస్వరం. 1805లో పారిస్ నగరంలో షాన్సెల్ అనే రసాయన శాస్త్రవేత్త పొటాషియం క్లోరేటు, పంచదార పూసిన పుల్లను గంధకామ్లంలో ముంచి మంట పుట్టించాడు. కానీ ఆమ్లపు సీసాను వెంట ఉంచుకోవడం ప్రమాదకరం. 1827లో ఇంగ్లండులోని స్టాక్టన్ పట్టణంలో మందుల వ్యాపారి జాన్ వాకర్ గరుకు కాగితం నడుమ ఉంచి లాగితే మండే పుల్లలను అమ్మాడు. ఆయన పేటెంటు తీసుకోలేదు.

తరువాత కొద్ది ఏళ్లకే పుల్లల తలపై తెల్ల భాస్వరం చేరింది. అవి చౌక, ఎక్కడ గీసినా మండేవి. కానీ తెల్ల భాస్వరం విషం. కర్మాగారాలలో దాని ఆవిరిని పీల్చిన కార్మికులకు పంటినొప్పితో మొదలై దవడ ఎముకే కుళ్లిపోయేది. వారిలో అనేకులు పేద స్త్రీలు, బాలికలు. 1888లో లండన్‌లోని ఒక అగ్గిపుల్లల కర్మాగారంలో దాదాపు 1,400 మంది పని మానివేశారు. అన్యాయపు జరిమానాలు రద్దు చేయాలని, విషం అంటని చోట అన్నం తినే గది కావాలని కోరి, రెండింటినీ సాధించుకున్నారు.

విచారకరమైన సంగతి ఏమంటే, అప్పటికే మేలైన మార్గం తెలుసు. 1850 దశకంలోనే స్వీడన్‌కు చెందిన లుండ్‌స్ట్రోమ్ సోదరులు విషం కాని ఎర్ర భాస్వరాన్ని పెట్టె పక్కన పూసి, పొటాషియం క్లోరేటును పుల్ల తలపై ఉంచి, సురక్షితమైన అగ్గిపుల్లలు తయారు చేశారు. రెండూ రాసుకుంటేనే మంట. ఈనాటి మన అగ్గిపెట్టె అదే. అయినా తెల్ల భాస్వరపు పుల్లలు చౌక గనుక అర్ధ శతాబ్దం పాటు అమ్ముడుపోయాయి. 1906లో బెర్న్ నగరంలో కొన్ని దేశాలు వాటిని నిషేధిస్తూ ఒప్పందం చేసుకున్నాయి. మన దేశంలో 1913లో నిషేధ చట్టం వచ్చింది.

తయారుచేసేవారికి తెలిసినా, కొనేవారు అడగనంత కాలం ఆ విషం కొనసాగింది. చౌకగా దొరికిన వస్తువును ఇంటికి తెచ్చుకునే ముందు, దాని అసలు వెలను ఎవరు చెల్లిస్తున్నారో విచారించడం మన బాధ్యత.