తౌబాకు ముహూర్తం ఉన్నదా?

పీర్జాదిగూడ నుండి ఉప్పల్ చౌరస్తా దాకా ఏ మసీదు మెట్లమీద కాసేపు కూర్చున్నా ఒక మాట చెవిన పడుతుంది: "ఇన్షా అల్లాహ్, రంజాన్ నుండి మొదలుపెడతాను." అది ఐదు పూటల నమాజు కావచ్చు, బీడీ మానడం కావచ్చు, వడ్డీ అప్పులో నుండి బయటపడడం కావచ్చు. రంజాన్ దాటితే బక్రీద్. అదీ దాటితే అమ్మాయి నికాహ్. ఆ తరువాత రిటైర్మెంటు. చివరకు హజ్ చేసి వచ్చిన పిదప. ఇలా అనేవారు చెడ్డవారు కారు. మంచిని కోరుకొన్నవారే. అయితే ఆ కోరికకు వారు పెట్టే గడువును గురించి ఇస్లాం ఏమంటున్నదో పరిశీలించవలసి వున్నది.

మన నగరంలో కొత్త సంవత్సరాలకు కొదువ లేదు. జనవరి ఒకటి వున్నది. ఇరుగు పొరుగువారికి ఉగాది వున్నది. నిజాం కాలంలో సర్కారు లెక్కలు ఫసలీ సంవత్సరం ప్రకారం, ఆజూర్ నెలతో ఆరంభమై నడిచేవి. ఇక మన హిజ్రీ సంవత్సరం ముహర్రంతో వస్తుంది. హైదరాబాదులో ముహర్రం అనగానే బీబీ కా ఆలం ఊరేగింపు, పల్లెల్లో పీర్ల పండుగ గుర్తుకు వస్తాయి తప్ప కొత్త సంవత్సరం అనే తలంపు చాలామందికి రాదు.

ఈ హిజ్రీ లెక్క ఎలా పుట్టిందో గమనించదగినది. దైవప్రవక్త (స) మక్కా వదలి మదీనా పొలిమేరలోని ఖుబా చేరినది క్రీ.శ. 622లో, రబీఉల్ అవ్వల్ మాసంలో. అప్పటికి హిజ్రీ శకమే లేదు. సుమారు పదహారు, పదిహేడేండ్ల తరువాత హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్‌లో, లెక్కాపత్రాలకు తేదీ అవసరమై సహచరులను సంప్రదించగా హిజ్రత్‌ను మొదటి యేడుగా నిర్ణయించారు. నెలల వరుస అరబ్బులలో ముందునుండీ ముహర్రంతో మొదలవుతున్నందున, లెక్క హిజ్రత్‌కు సుమారు రెండు నెలల ముందునుండి ఆరంభమైనది. అనగా, ఇల్లూ వాకిలీ వదలి బయలుదేరినవారు సంవత్సరాది కోసం వేచివుండలేదు. వారు బయలుదేరినందువల్లనే మనకు సంవత్సరాది ఏర్పడింది. మనం దీనిని తలక్రిందులు చేసి, సంవత్సరాది వస్తే గాని బయలుదేరమంటున్నాము!

వాయిదా వేయడంలోని ప్రమాదాన్ని హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) తన నోటనే చెప్పుకొన్నారు. ఆ వృత్తాంతం సహీహ్ బుఖారీలో, సహీహ్ ముస్లింలో విపులంగా వున్నది. హిజ్రీ 9వ యేట తబూక్ ప్రయాణానికి పిలుపు వచ్చింది. మండుటెండలు, పైగా పండ్లు పక్వానికి వచ్చి, చెట్లనీడ హాయినిచ్చే రోజులు. కఅబ్ కపటి కారు. పేదవారూ కారు, అంతకు మునుపెన్నడూ లేని కలిమి ఆయనకు అప్పుడే వున్నది, సవారీకి రెండు ఒంటెలు వున్నాయి. రోజూ ఉదయం సన్నాహం చేసుకొందామని వెళ్ళేవారు, ఏమీ చేయకనే ఇంటికి తిరిగి వచ్చేవారు. తలచుకొంటే ఎప్పుడైనా చేయగలను గదా అన్నది ఆయన ధీమా. సైన్యం కదలిపోయింది. ఒకటి రెండు రోజుల్లో వెళ్ళి కలుసుకోవచ్చు ననుకొన్నారు. ఆ ఒకటి రెండు రోజులు గడిచాక అందుకోలేనంత దూరమైపోయింది.

ఆయనను వెనుకకు లాగినది అశక్తత కాదు, "నేను చేయగలను" అన్న నమ్మకమే. బీడీ మానలేనని ఎవరూ అనరు. ఎప్పుడంటే అప్పుడు మానగలనంటారు. అందుకే మానరు.

తిరిగి వచ్చిన దైవప్రవక్త (స) ఎదుట ఎనభై మందికి పైగా ఏవేవో సాకులు చెప్పుకొన్నారు. కఅబ్ మాత్రం సాకు చెప్పక ఉన్నది ఉన్నట్లు ఒప్పుకొన్నారు. ఆయనతోనూ, మరి ఇద్దరు సహచరులతోనూ యాభై రోజులు ఎవరూ మాట్లాడలేదు. ఆ తరువాతనే వారి తౌబా స్వీకరింపబడినట్లు సూరా తౌబా 118వ ఆయత్ అవతరించింది.

ఇంతకన్నా సూక్ష్మమైన సంగతి సూరా యూసుఫ్‌లో వున్నది. యూసుఫ్ (అలైహిస్సలాం)ను వదిలించుకోవాలని పన్నాగం పన్నిన సోదరులు, ఆ పని ముగిశాక సజ్జనులుగా వుండిపోదామని కూడా అప్పుడే అనుకొన్నారు (12:9). పాపానికి ముందే పశ్చాత్తాపానికి తేదీ వేసుకొన్నారన్నమాట. సూరా నిసా (4:17-18) పొరపాటు చేసి త్వరలోనే మరలినవారి తౌబాకు హామీ ఇస్తూ, మరణం ముంగిట నిలిచాక మరలానన్నవారికి ఆ హామీ లేదంటున్నది.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు. మద్యం ఒక్కసారిగా నిషేధింపబడలేదు గదా, దశలవారీగా కదా ఆదేశాలు వచ్చినవి? నిజమే. మనిషి బలహీనత అల్లాహ్‌కు తెలుసు. అయితే చివరి ఆదేశం వచ్చిన నాటి ముచ్చట కూడా చూడాలి. హజ్రత్ అబూ తల్హా (రజి) ఇంట అతిథులకు పానీయం పోస్తున్నది హజ్రత్ అనస్ (రజి). వీధిలో చాటింపు వినబడగానే ఉన్నదంతా పారబోయమన్నారు. కుండలో మిగిలినది పూర్తిచేద్దామని ఎవరూ అనలేదు. మెల్లగా నడవడం వేరు, రేపు నడుద్దామనడం వేరు. రోజుకు ఇరవై బీడీలు తాగేవాడు నేడు పదిహేనుకు దించితే అది నడక క్రిందనే లెక్క.

రంజాన్‌ను తక్కువ చేయడం మన ఉద్దేశం కాదు. పదమూడు పద్నాలుగు గంటలు పొగ ముట్టకుండా వుండగలనని మనిషికి రుజువయ్యే నెల అది. ఇఫ్తార్ ఖర్జూరం వెంటనే బీడీ వెలిగించకపోతే సగం దారి గడచినట్లే. కాని షాబాన్‌లో వున్నవాడికి ఆ నెల రెండు వారాల దూరం, షవ్వాల్‌లో వున్నవాడికి పదకొండు నెలల దూరం.

కొన్ని మార్పులలో మాత్రం మరొకరి హక్కు ఇమిడి వుంటుంది. ఇమామ్ నవవీ రియాజుస్సాలిహీన్‌లో తౌబాకు మూడు షరతులు పేర్కొన్నారు: పాపాన్ని విడిచిపెట్టడం, చేసినందుకు చింతించడం, మళ్ళీ చేయరాదని నిశ్చయించుకోవడం. సాటి మనిషి హక్కు వున్నచోట దానిని తీర్చడం నాలుగవది. ఈ నాలుగవదానికే మనవారు ఎక్కువ గడువు తీసుకొంటారు. అక్కచెల్లెళ్ళ వారసత్వ వాటా, భార్య మెహర్ ఇటువంటివే. జనాజా లేవబోయే ముందు, ఏడుస్తున్న స్త్రీ దగ్గరకు ఎవరో వెళ్ళి మెహర్ మాఫ్ చేయమ్మా అనడం మన ఇళ్ళలో జరుగుతూనే వున్నది. ఆ క్షణాన ఆమె కాదనగలదా? అలా పలికించిన మాఫీకి ఏమి విలువ వుంటుందో పాఠకులే ఆలోచించాలి.

మెహర్ చెల్లించడానికి ముహర్రం అక్కరలేదు, హజ్ అక్కరలేదు. ఇనుప పెట్టెలోని నికాహ్‌నామా తీసి అందులోని అంకె చూడాలి. చాలామందికి అదెంతో కూడా గుర్తుండదు. మొత్తం ఒకసారి ఇవ్వలేనివారు ఆమెతో మాట్లాడుకొని, ఆమె సమ్మతితో నెలకింతని ఇవ్వవచ్చు. ఇచ్చినది ఒక పుస్తకంలో వ్రాసి, ఆ పుస్తకాన్ని ఆమె దగ్గరనే వుంచాలి.