విదేశంలో పెళ్లి: ఏ దేశపు చట్టం వర్తిస్తుంది?



పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో నిమ్‌పురా అనే ప్రాంతం ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. అక్కడి ఒక ఇంటిని ఊహించుకుందాం. అమ్మాయి రైల్వే ఉద్యోగి. వరుడు ఆమెకు మేనబావ, సింగపూర్‌లో పనిచేస్తున్నాడు. పెళ్లి థాయిలాండ్ సముద్రతీరంలో చేయాలని పెద్దలు నిశ్చయించారు. హోటలు, విమానం టిక్కెట్లు, పురోహితుడు, వంటవారు అన్నీ కుదిరాయి. కాని ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు. అక్కడ తాళి కట్టినంత మాత్రాన అది చట్టం దృష్టిలో పెళ్లి అవుతుందా?

దీనికి సమాధానం తెలియాలంటే రెండు విషయాలను విడదీసి చూడాలి. మొదటిది అర్హత, అంటే ఈ ఇద్దరూ పెళ్లి చేసుకోవచ్చా అన్నది. రెండవది విధానం, అంటే పెళ్లి ఏ పద్ధతిలో, ఎవరి ఎదుట జరగాలి అన్నది. సాధారణంగా అర్హతను వధూవరుల స్వదేశపు చట్టం నిర్ణయిస్తుంది. విధానాన్ని పెళ్లి జరిగే దేశపు చట్టం నిర్ణయిస్తుంది. కాబట్టి విదేశంలో పెళ్లి చేసుకునేవారు రెండు దేశాల చట్టాలనూ చూసుకోవాలి.

ముందుగా అర్హత సంగతి చూద్దాం. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం వరుడికి 21 ఏళ్లు, వధువుకు 18 ఏళ్లు నిండాలి. ఇద్దరిలో ఎవరికీ అప్పటికే జీవించి ఉన్న భార్యగాని, భర్తగాని ఉండకూడదు. నిషిద్ధ బంధుత్వం ఉండకూడదు. అయితే ఆచారం అంగీకరిస్తే మినహాయింపు ఉంది. మన మేనరికాలు ఆ ఆచారం కిందికే వస్తాయి. కాని ఈ మినహాయింపు అన్ని దేశాల్లోనూ చెల్లదు. మేనమామతో వివాహాన్ని ఇంగ్లండు చట్టం ఒప్పుకోదు. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో 2005 నుంచి మేనత్త, మేనమామ పిల్లల మధ్య వివాహం నిషిద్ధం. కాబట్టి మేనరికం చేసుకునేవారు ఎంచుకున్న దేశంలో దానికి అడ్డు ఉందో లేదో ముందే విచారించుకోవాలి.

ఇక విధానం. థాయిలాండ్‌లో మతపరమైన వేడుకకు చట్టబద్ధత లేదు. జిల్లా కార్యాలయంలో నమోదైతేనే అక్కడ అది వివాహం. విదేశీయులు తాము పెళ్లికి అర్హులమని తమ దౌత్య కార్యాలయం నుంచి పత్రం తెచ్చి, థాయి భాషలోకి అనువదింపజేసి, అక్కడి విదేశాంగ శాఖ చేత ధ్రువీకరింపజేయాలి. ఫ్రాన్సులోనూ పురపాలక కార్యాలయంలో జరిగిన పౌర వివాహమే చెల్లుతుంది. ఇండోనేషియాలోని బాలిలో మతాచారం ప్రకారం పెళ్లి జరగాలి, ఆపైన నమోదు కావాలి. ఇలా ఒక్కొక్క దేశానిది ఒక్కొక్క పద్ధతి.

మరి మన నిమ్‌పురా కుటుంబం ఏం చేయవచ్చు? వారి ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, ఇక్కడే శాస్త్రోక్తంగా పెళ్లి చేసి, వివాహ రిజిస్ట్రేషన్ అధికారి వద్ద నమోదు చేయించి, ఆ తర్వాత విదేశంలో వేడుక జరుపుకోవడం. అన్నిటికంటే సులువైనది ఇదే. అయితే తతంగం లేకుండా కాగితం మీద సంతకాలతో సరిపెట్టకూడదు. ఆచారం ప్రకారం వివాహం జరగనప్పుడు రిజిస్ట్రేషన్ పత్రం ఒక్కటే హిందూ వివాహాన్ని సృష్టించలేదని సుప్రీంకోర్టు 2024లో స్పష్టం చేసింది.

రెండవది, ఆ దేశపు చట్టం ప్రకారం అక్కడే పెళ్లి చేసుకోవడం. మన పార్లమెంటు 1969లో చేసిన విదేశీ వివాహ చట్టంలోని 17వ సెక్షన్ కింద ఇలాంటి వివాహాన్ని భారత దౌత్య కార్యాలయంలోని వివాహ అధికారి వద్ద నమోదు చేయించుకోవచ్చు. దంపతుల్లో కనీసం ఒకరు భారత పౌరులై ఉండాలి.

మూడవది, ఆ వివాహ అధికారి ఎదుటే పెళ్లి చేసుకోవడం. దీనికి ఇద్దరిలో ఒకరు ఆ అధికారి పరిధిలో కనీసం 30 రోజులు నివసించి ఉండాలి. తర్వాత నోటీసు ఇవ్వాలి. అభ్యంతరాలు తెలపడానికి మరో 30 రోజుల గడువుంటుంది. పెళ్లికి ముగ్గురు సాక్షులు కావాలి. పది రోజుల సెలవు పెట్టి వెళ్లేవారికి ఈ దారి కుదరదు.

ఏ దారి ఎంచుకున్నా కాగితాలు సిద్ధంగా ఉండాలి. పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం, ఇంతవరకు వివాహం కాలేదనే అఫిడవిట్టు, గతంలో వివాహమై ఉంటే విడాకుల డిక్రీ లేదా మరణ ధ్రువపత్రం సాధారణంగా అడుగుతారు. ఒక దేశపు పత్రాన్ని మరొక దేశం నమ్మడానికి 'అపోస్టిల్' అనే ముద్ర ఉపయోగపడుతుంది. 1961 నాటి హేగ్ ఒప్పందం ద్వారా ఏర్పడిన ఈ పద్ధతి భారతదేశంలో 2005 నుంచి అమలులో ఉంది. ఆ ఒప్పందంలో లేని దేశాలకు వారి దౌత్య కార్యాలయపు ధ్రువీకరణ అవసరం. పెళ్లికూతురి నగలు బయటికి తీసుకువెళ్లేటప్పుడు విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారుల నుంచి ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే తిరిగి వచ్చేటప్పుడు చిక్కు ఉండదు.

ఇంత శ్రమ ఎందుకని మీరు అడగవచ్చు. నిమ్‌పురా అమ్మాయి సంగతే చూడండి. సర్వీసు రికార్డులో భర్త పేరు చేర్చడానికి, అతనికి రైల్వే పాసు రావడానికి, రేపు అవసరమైతే కుటుంబ పింఛను అందడానికి వివాహానికి రుజువు కావాలి. వరుడు ఇప్పటికే విదేశీ పౌరసత్వం తీసుకుని ఉంటే, 1966 నాటి రైల్వే ఉద్యోగుల ప్రవర్తన నియమావళిలోని 21వ నియమం ప్రకారం ఆమె ఆ సంగతి వెంటనే ప్రభుత్వానికి తెలియజేయాలి. భర్త వెంట వెళ్లడానికి వీసా కావాలన్నా ముందు అడిగేది వివాహ ధ్రువపత్రమే.

కాపురం చెదిరినప్పుడు దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్రపు కోర్టులో 1980లో విడాకులు పొందాడు. ఆ డిక్రీ మన దేశంలో చెల్లదని సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పింది. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో, సాధారణంగా ఆ చట్టం ప్రకారమే విడాకుల విచారణ జరగాలని వివరించింది. అంటే పెళ్లినాడు మనం ఎంచుకున్న చట్టం ఆ తర్వాత కూడా మన వెంట వస్తుంది. పెళ్లి ఎక్కడ, ఎప్పుడు, ఏ చట్టం కింద జరిగిందో చూపే పత్రం లేకపోతే భరణం కోసమో, ఆస్తి హక్కు కోసమో కోర్టుకెక్కిన స్త్రీ తాను భార్యనని ముందుగా నిరూపించుకోవలసి వస్తుంది. మతంతో నిమిత్తం లేకుండా వివాహాలన్నిటినీ తప్పనిసరిగా నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2006లో ఆదేశించడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే.

కాబట్టి మన ఊహాకుటుంబానికి ఇచ్చే సలహా ఇది: పెళ్లి, రిజిస్ట్రేషన్ ఖరగ్‌పూర్‌లో, విందు సముద్రతీరంలో. అలా కాదంటే హోటలుకు బయానా ఇవ్వకముందే ఆ దేశపు నిబంధనలను మన దౌత్య కార్యాలయం ద్వారా తెలుసుకోవాలి.

చివరిగా మీకొక చిన్న పని. ఈ రోజు ఇంటికి వెళ్లాక మీ అమ్మానాన్నల వివాహం నమోదైందో లేదో అడగండి. కాకపోయి ఉంటే, ఇప్పుడైనా చేయించుకోవచ్చని వారికి చెప్పండి.