శాంపిల్ పుణెకే ఎందుకు వెళ్తుంది? రిఫరెన్స్ ల్యాబ్ ఏం చేస్తుంది? ముందున్న ప్లాన్ ఏంటి?

"అనుమానిత కేసు.. శాంపిల్స్ పుణెకు పంపిన అధికారులు". ప్రమాదకరమైన వైరస్ పేరు వినిపించిన ప్రతిసారీ దాదాపు ఇదే వార్త. ఊరూరా ల్యాబ్‌లు ఉండగా అంత దూరం ఎందుకు? రిపోర్ట్ వచ్చేదాకా పేషెంట్ పక్కన ఉన్నవాళ్ల సంగతేంటి?

రిఫరెన్స్ ల్యాబ్ అంటే..

మామూలు ల్యాబ్ టెస్ట్ చేస్తుంది. ఆ రిజల్ట్ కరెక్టేనా అని తేల్చేది రిఫరెన్స్ ల్యాబ్. అరుదైన వైరస్‌లను నిర్ధారించడం, జన్యుక్రమం చదివి కొత్త వేరియంట్లను పట్టుకోవడం, మిగతా ల్యాబ్‌ల సిబ్బందికి ట్రైనింగ్ ఇవ్వడం దీని పని. ఫలితం ముందే తెలిసిన శాంపిల్స్ పంపి, ఆ ల్యాబ్‌లు సరిగ్గా చెబుతున్నాయో లేదో కూడా చూస్తుంది. అంటే ల్యాబ్‌లకే పరీక్ష పెట్టే ల్యాబ్ అన్నమాట.

వైరస్‌ల విషయంలో మన దేశంలో ఈ బాధ్యత ప్రధానంగా పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీది. 1952లో మొదలైన ఈ సంస్థలో 2012లో బీఎస్‌ఎల్-4 ల్యాబ్ ప్రారంభమైంది. వైరస్ బయటికి పొక్కకుండా అత్యంత కట్టుదిట్టంగా ఉండే ల్యాబ్ ఇది.

ఒక్కచోటే ఉంటే ఏమవుతుంది?

2020 జనవరిలో కరోనా టెస్టులు దేశం మొత్తానికీ పుణెలోనే మొదలయ్యాయి. హైదరాబాద్ శాంపిల్స్ కూడా తొలి రోజుల్లో అక్కడికే వెళ్లాయి. జూన్ నాటికి ల్యాబ్‌ల సంఖ్య వెయ్యికి చేరింది. 2023లో కేరళలో నిపా వచ్చినప్పుడైతే మొబైల్ ల్యాబ్‌నే కోజికోడ్‌కు పంపారు. ఇలాంటి జబ్బుల్లో ఒక్కరోజు ఆలస్యమైనా, ఎవరిని క్వారంటైన్‌లో పెట్టాలో తేల్చడం కష్టమవుతుంది.

జిల్లాకొకటి పెట్టొచ్చుగా?

అంత తేలిక కాదు. అరుదైన టెస్ట్ ఎప్పుడో ఒకసారి చేస్తే చెయ్యి తిరగదు. తప్పుడు పాజిటివ్ వస్తే ఊరంతా భయం. తప్పుడు నెగెటివ్ వస్తే అంతకంటే డేంజర్. అందుకే జిల్లాలో ప్రాథమిక టెస్ట్, ప్రాంతీయ కేంద్రంలో నిర్ధారణ, క్లిష్టమైనవి జాతీయ ల్యాబ్‌కు అనే మెట్ల పద్ధతి కావాలి.

ప్లాన్ ఏంటి?

2021 అక్టోబర్‌లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ హెల్త్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ మిషన్ ప్రారంభించింది. ఐదేళ్లకు దాదాపు రూ.64 వేల కోట్లు. 4 ప్రాంతీయ వైరాలజీ సంస్థలు, 9 బీఎస్‌ఎల్-3 ల్యాబ్‌లు, జిల్లా స్థాయిలో పబ్లిక్ హెల్త్ ల్యాబ్‌లు ఇందులో ఉన్నాయి.

బిల్డింగ్ కట్టి, మెషీన్లు పెడితే సరిపోదు. పర్మనెంట్ మైక్రోబయాలజిస్టులు, టెక్నీషియన్లు ఉండాలి. కిట్లు అయిపోకుండా చూడాలి. శాంపిల్ పాడవకుండా చల్లగా చేర్చే రవాణా ఉండాలి. జబ్బు లేని రోజుల్లోనూ జీతాలకు, మెయింటెనెన్స్‌కు బడ్జెట్ ఇవ్వాలి. అవసరం వచ్చాక మనుషుల్ని వెతికితే అప్పటికే ఆలస్యం.

రిపోర్ట్ పెండింగ్ అంటే పాజిటివ్ అనీ కాదు, నెగెటివ్ అనీ కాదు. అది వచ్చేదాకా అధికారులు చెప్పిన ఐసోలేషన్ పాటించాలి. పేషెంట్ పేరు, ఫొటో వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేయొద్దు.