మీకు తెలుసా? విండోస్‌ లైసెన్సు మదర్‌బోర్డును అంటిపెట్టుకుని ఉంటుంది

కంప్యూటర్‌కు కొత్త మదర్‌బోర్డు వేయించగానే తెర కుడివైపు అడుగున ‘యాక్టివేట్‌ విండోస్‌’ అని మసక అక్షరాలు కనిపిస్తే కంగారు పడకండి. 2015లో విండోస్‌ 10తో డిజిటల్‌ లైసెన్సు వచ్చింది. 25 అక్షరాల కీ కొట్టే పని లేకుండా, మన యంత్రం ఆనవాలును మైక్రోసాఫ్ట్‌ సర్వర్లే గుర్తుంచుకుంటాయి. అందుకే అదే యంత్రంలో విండోస్‌ 10 నుంచి 11కు మారినా, హార్డ్‌డిస్కు మార్చి మళ్లీ ఎక్కించినా మామూలుగా కొత్త లైసెన్సు కొనక్కర్లేదు. మదర్‌బోర్డు మారితే మాత్రం, ఆ సర్వర్ల లెక్కలో అది వేరే కంప్యూటరే.

కాబట్టి బోర్డు మార్పించకముందే లైసెన్సును మీ మైక్రోసాఫ్ట్‌ ఖాతాతో జతచేసుకోండి. తర్వాత సెట్టింగ్స్‌లో యాక్టివేషన్‌ తెరిచి, ట్రబుల్‌షూట్‌ నొక్కి, ఈ మధ్యే హార్డ్‌వేర్‌ మార్చానన్న వరుస ఎంచుకోవాలి. విడిగా కొన్న రిటైల్‌ లైసెన్సుకు ఈ దారి బాగా పనికొస్తుంది. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఓఈఎం లైసెన్సు సాధారణంగా ఆ యంత్రంతోనే సరి.

చాలామంది దెబ్బతినేది మరోచోట. విండోస్‌ హోమ్‌ లైసెన్సున్న యంత్రంలో విండోస్‌ ప్రో ఎక్కిస్తే యాక్టివేట్‌ కాదు. చౌక కీల కోసం వెతక్కండి, తిరిగి హోమ్‌ ఎక్కించి ఇంటర్నెట్‌కు కలపండి. కీ అడక్కుండానే యాక్టివేట్‌ అవుతుంది.