తొట్టిలో తీగ

ఒకప్పుడు తెలంగాణ పల్లెలలో పెరడు లేని ఇల్లు అరుదు. ఆ పెరటిలో కట్టెలతో వేసిన పందిరిపై బీర, సొర, చిక్కుడు తీగలు అల్లుకొని ఇంటిల్లిపాదికి కూరగాయలు సమకూర్చేవి. కాలక్రమాన పట్టణాలు పెరిగాయి. వరి, పసుపు పొలాల నడుమనున్న జగిత్యాల, కోరుట్లలలోను, మరమగ్గాలకు పేరుగాంచిన సిరిసిల్లలోను ఇంటికీ ఇంటికీ నడుమ ఖాళీస్థలం తరిగిపోయింది. పెరడు పోయినచోట మిద్దె మిగిలింది. ఆ మిద్దెపై తొట్టిలో తీగను పెంచి, పందిరికి పాకించడం నేడు పట్టణవాసికి అందుబాటులో ఉన్న సేద్యం.

అయితే తొట్టిలో తీగను పెంచడం పూలమొక్కను పెంచడం వంటిది కాదు. చెట్టు తాను నిలబడడానికి గట్టి కాండాన్ని నిర్మించుకొంటుంది. తీగ ఆ శ్రమను ఆధారానికి వదలి, తన శక్తిని పొడవుకు, ఆకులకు వెచ్చిస్తుంది. అందువల్లనే కొద్ది వారాలలో పందిరిని కప్పివేస్తుంది. ఆ ఆకుల నుండి భాష్పోత్సేకం ద్వారా పోయే నీటినంతటినీ వేళ్లే అందించాలి. నేలలో వేరు స్వేచ్ఛగా విస్తరిస్తుంది. తొట్టిలో దానికి గోడలు అడ్డు. కనుక తీగ ఎంత దూరం పాకగలదో నిర్ణయించేది పందిరి కాదు, తొట్టి.

సొర, బీర వంటి తీగలకు 2 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 1 అడుగు లోతు గల తొట్టి తగినది. అందులో సుమారు 113 లీటర్ల మట్టి పడుతుంది. ఉత్త మట్టినే నింపి తడిపితే దాని బరువు 200 కిలోలకు చేరువవుతుంది. ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్లలో కలిపితే బరువు తగ్గుతుంది; వేళ్లకు గాలి ఆడుతుంది. తొట్లను మిద్దె నడుమ గాక, దూలాలు, గోడలు ఉన్నచోట ఇటుకలపై నిలపడం క్షేమకరం. అడుగున రంధ్రాలు లేనిచో నీరు నిలిచి వేరు కుళ్లుతుంది.

పందిరిని విత్తనం నాటకముందే వేయాలి. తరువాత వేస్తే వేళ్లు దెబ్బతింటాయి. సొర, బీర, కాకర, దొండ తీగలు నులితీగలతో పాకుతాయి. నులితీగ దేనినైనా తాకగానే దానిని చుట్టుకొని, పిదప స్ప్రింగువలె మెలిపడుతుంది. ఈ మెలిక గాలి ఊపుకు సాగి, తీగను తెగనీయదని చార్లెస్ డార్విన్ 1865లో ప్రకటించిన తన పరిశీలనలలో వివరించాడు. లావుపాటి గొట్టాన్ని నులితీగ పట్టలేదు. కాబట్టి చట్రానికి సన్నని తాళ్లతో వల అల్లాలి. చిక్కుడుకు నులితీగలు లేవు. దాని కాండమే కర్రను చుట్టుకొంటుంది. చట్రాన్ని తొట్టికి గాక పిట్టగోడకు బిగించినట్లయితే గాలిదుమారానికి తొట్టి ఒరగదు. లేత కాండాన్ని గుడ్డపీలికలతో వదులుగా కట్టాలి. బిగుతైన దారం కాండాన్ని కోస్తుంది.

ఈ ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. మిద్దె వేడికి తొట్టిమట్టి త్వరగా ఆరిపోతుంది. ఉదయం, సాయంత్రం నీరు పోసి, ఎండుటాకులతో మట్టిని కప్పాలి. తరచు పోసే నీటితో పోషకాలు కొట్టుకొనిపోతాయి గనుక పక్షానికొకసారి కొద్దిగా ఎరువు వేయాలి. జూన్‌లో తొలకరి పడిన పిదప విత్తడం సులభమార్గం. కోతుల బెడద ఉన్నచోట వల తప్పనిసరి.

తీగ నిండా పూలు పూసినా కాయలు నిలవకపోవడం కొందరిని నిరుత్సాహపరుస్తుంది. సొర, బీర, కాకర తీగలలో మగపూలు, ఆడపూలు వేరుగా ఉంటాయి. ఆడపూవు అడుగున చిన్నపిందె కనబడుతుంది. తేనెటీగల వంటి కీటకాలు రానిచోట మగపూవును కోసి, దాని పుప్పొడిని ఆడపూవుకు మెల్లగా అద్దాలి. సొర, బీర పూలు సాయంకాలం విచ్చుకొంటాయి. ఆ వేళనే ఈ పని చేయాలి.

పందిరి పచ్చదనమే అందరి కంటికీ కనబడుతుంది. కాని ఆ పచ్చదనాన్ని నిలిపేది కంటికి కనబడని వేరు. వేరుకు చోటు, తీగకు ఆధారం, మిద్దెకు మోయగల బరువు అనే మూడింటిని ముందే లెక్కించిన ఇంట, పోయిన పెరడు మిద్దెపై మళ్లీ చిగురిస్తుంది.