తాళపత్ర భాండాగారంలో తేమను కొలిచే సెన్సార్లు: బ్యాటరీ మన్నిక – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: తాళపత్ర గ్రంథాలను భద్రపరచిన గదిలో తేమను నిరంతరం నమోదు చేయడానికి చిన్న వైర్‌లెస్ సెన్సార్లు ఉపకరిస్తాయి. వీటి బ్యాటరీని హరించేది కొలత కాదని, కొలతల నడుమ వృథా అయ్యే విద్యుత్తూ అవసరానికి మించిన ప్రసారమూ అని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: తాళపత్రాలు, తేమ, సెన్సార్, గాఢనిద్ర, రెగ్యులేటర్, బ్యాటరీ.

1. ప్రవేశిక

గాలిలో తేమ 65 శాతం దాటి చాలా రోజులు నిలిస్తే తాళపత్రానికి బూజు పట్టే అవకాశం పెరుగుతుంది. మరీ తగ్గితే ఆకు పెళుసుబారుతుంది. కాబట్టి పనివేళల్లో ఒకసారి చూసి రాసుకున్న అంకె చాలదు. రాత్రులలో, సెలవులలో ఏం జరిగిందో తెలియాలి. పాత భవనాలలో సాయంత్రం మెయిన్ స్విచ్ ఆపివేయడం ఆనవాయితీ గనుక సెన్సార్ బ్యాటరీతోనే పనిచేయాలి.

భౌతికశాస్త్ర విభాగంలోని సహోద్యోగి సాయంతో మేము అమర్చిన తొలి పరికరం దసరా సెలవులలో పదో రోజున ఆగిపోయింది. తిరిగి వచ్చి చూసేసరికి ఒక అలమర వెనుక గోడ చెమ్మగిల్లి ఉంది. ఆ చెమ్మ ఏనాడు మొదలైందో చెప్పే నమోదు మా వద్ద లేదు.

2. పది రోజుల లెక్క

మేము వాడినది ఈఎస్‌పీ32 అనే వైఫై చిప్ ఉన్న బోర్డు, 2500 మిల్లీ ఆంపియర్ అవర్ల లిథియం అయాన్ సెల్. మేల్కొని ఉన్నప్పుడు చిప్ సగటున 100 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే, నిరంతరం మేల్కొని ఉన్న పరికరం 25 గంటలలో ఆగిపోతుంది. 15 నిమిషాలకొకసారి 5 సెకన్లు మాత్రమే మేల్కొంటే సగటు 0.56 మిల్లీ ఆంపియర్లకు దిగుతుంది. గాఢనిద్రలో (మన వేదాంత పరిభాషలో సుషుప్తి అనవచ్చు) చిప్ వాడేది సుమారు 10 మైక్రో ఆంపియర్లే. ఈ లెక్కన ఆరు నెలలు రావాలి.

మీటరు పెట్టి చూస్తే నిద్రలో కూడా దాదాపు 10 మిల్లీ ఆంపియర్లు పోతున్నాయి. అంటే అనుకున్నదానికి వెయ్యి రెట్లు. చిప్ నిద్రించింది గాని బోర్డు నిద్రించలేదు. బోర్డుపై వెలిగే ఎర్ర దీపం, యూఎస్‌బీ చిప్, ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఎప్పుడూ మేల్కొనే ఉంటాయి. ఆ రెగ్యులేటర్ ఒక్కటే సుమారు 5 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. దానిలో మరో లోపం కూడా ఉంది. 3.3 వోల్టులు ఇవ్వడానికి దానికి సుమారు 4.4 వోల్టులు అందాలి. నిండుగా ఛార్జి చేసిన లిథియం అయాన్ సెల్ ఇచ్చేది 4.2 వోల్టులే. అందువల్ల సెల్‌లో శక్తి మిగిలి ఉండగానే, వైఫై ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు లాగినప్పుడు చిప్ ఆగిపోవచ్చు.

3. మార్పులు

రెండవ పరికరంలో బోర్డును వదిలి విడి మాడ్యూల్ మాత్రమే వాడాము. సెల్‌గా 1500 మిల్లీ ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను ఎంచుకున్నాము. దాని వోల్టేజి 3.2 గనుక రెగ్యులేటర్ అవసరమే తప్పింది.

మరొక ఆదా ప్రసారంలో జరిగింది. ప్రతి కొలతనూ వెంటనే పంపనక్కరలేదు. రోజుకు 96 కొలతలు, ఒక్కొక్కటి 4 బైట్లు, మొత్తం 384 బైట్లు. గాఢనిద్రలోనూ చెరగకుండా ఈఎస్‌పీ32లో నిలిచే 8 కిలోబైట్ల జ్ఞాపకస్థలంలో ఇవి సులభంగా ఇముడుతాయి. కొలతకు అర సెకను, 40 మిల్లీ ఆంపియర్లు. ప్రసారానికి రోజుకొకసారి 5 సెకన్లు అనుకుంటే సగటు 0.04 మిల్లీ ఆంపియర్లకు లోపే ఉంటుంది. కాగితంపై ఇది నాలుగేళ్ల ఆయువు. సెల్ తనంతట తాను కోల్పోయే ఛార్జిని కలుపుకుంటే అంత రాదు. అయితే ఒక వర్షాకాలం నిస్సందేహంగా గడుస్తుంది.

రోజుకొకసారే పంపితే గోడ చెమ్మగిల్లిన వార్త ఒక రోజు ఆలస్యంగా అందుతుంది. మా ప్రయోజనానికి ఇది సమ్మతం కాదు. కాబట్టి తేమ 65 శాతం దాటిన మొదటి కొలతను వెంటనే పంపే నియమం చేర్చాము. కరెంటు పోయి రౌటర్ ఆగినప్పుడు పరికరం దానికోసం వెతుకుతూ మేల్కొనే ఉండటం మరొక చిక్కు. 10 సెకన్లలో సంబంధం కుదరకపోతే తిరిగి నిద్రించి, తరువాతి కొలత వేళ మళ్లీ ప్రయత్నించేలా ప్రోగ్రాం మార్చాము.

సెల్‌ను భాండాగారంలో ఛార్జి చేయడం మాత్రం పూర్తిగా మానివేశాము. నిప్పు భయం ఉన్న చోట ఆ సౌలభ్యం అక్కరలేదు. ఛార్జి చేసిన మరో సెల్‌ను బయటి నుంచి తెచ్చి మార్చుతున్నాము.